అయిదో జార్‌లో మామయ్య

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెను అందరూ అలారం అంటారు. ఎదురుగా ఉంటే అలారం అక్కా అంటారు, చాటున ఆ అక్కా కూడా తీసేస్తారు. ఆ పేరు పెట్టిందెవరో తెలిస్తే ఊరుకునేది కాదు గానీ, పేరు తప్పని మాత్రం ఆమె కూడా ఎప్పుడూ అనలేదు. ఆ ల్యాబులో ఆమె కుర్చీలో నిండుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. అంచున కాస్త ఆనించి, ఒక కాలు నేలకి తన్నిపెట్టి, ఎవరో తరుముకొస్తున్నట్టు కూర్చుంటుంది. టీ కూడా నడుస్తూనే తాగుతుంది. సగం టీ ఆమెకి, సగం తెల్లకోటుకి.

ఆమె అలాంటిది కాబట్టి ఆ పని దొరికిందో, ఆ పని చేసీ చేసీ అలా తయారైందో చెప్పలేం. పనేమిటంటే, మింగిన మందుబిళ్ల కడుపులో ఎంతసేపటికి ఎంత కరుగుతుందో చూడటం. మనుషుల కడుపులోకి దిగి చూడలేరు కదా, అందుకని ల్యాబులో ఆరు దొంగ కడుపులు పెట్టారు. గుండ్రటి అడుగున్న ఆరు గాజు జార్లు, వరసగా, నీళ్లతొట్టిలో మెడదాకా మునిగి ఉంటాయి. మనిషి ఒంటి వేడి ఎంతో వాటి వేడీ అంతే. ఒక్కో జార్‌లో ఒక్కో తెడ్డు ఆగకుండా తిరుగుతుంటుంది. జార్‌కొక బిళ్ల వేస్తారు. గంట కొట్టగానే అలారం సన్నటి గొట్టంతో ఒక్కో జార్ నుంచి చెంచాడు నీళ్లు లాగుతుంది, బుల్లి సీసాలో పోస్తుంది, చీటీ అంటిస్తుంది, యంత్రానికి అప్పజెబుతుంది. ఎంత మందు నీళ్లలోకి దిగిందో యంత్రం చెబుతుంది. ఆ అంకెల్ని కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది. గీత బాగుంటే ఆ బిళ్లలు బయటి ప్రపంచం చూస్తాయి. లేకపోతే లేదు.

మొదట ఆమె అక్కడ చేరింది గాజుసామాను కడగడానికి. కడుగుతూ కడుగుతూ ఓరకంట అన్నీ చూసింది. ఎవరూ నేర్పకుండానే సగం పని నేర్చుకుంది. మిగతా సగం పెద్దసారు నేర్పాడు. పెద్దసారంటే ల్యాబు పెద్ద, బట్టతల మీద కళ్లజోడు పెట్టుకుని రోజంతా దానికోసమే వెతుక్కునే మనిషి.

చేతికి జార్లు అప్పజెప్పిన మొదటి వారంలోనే ఆమె ఒక ఘనకార్యం చేసింది. అవి రోజుకొక్కసారి వేసుకునే రక్తపోటు బిళ్లలు. ఆ బిళ్ల పైన గట్టి పెంకు ఉంటుంది. పెంకుకి కంటికి ఆనని చిన్న చిల్లు. నీళ్లు మెల్లగా లోపలికి ఊరతాయి, లోపలిది ఉబ్బుతుంది, ఉబ్బి మందుని ఆ చిల్లులోంచి కొంచెం కొంచెం బయటికి తోస్తుంది. ఇరవై నాలుగు గంటలూ అదే పని. ఆ రోజు అయిదో జార్‌లో వెయ్యాల్సిన బిళ్ల ఆమె పట్టకారులో పడి చిట్లింది. చెబితే ఉద్యోగం ఊడుతుందని భయపడి, చిట్లినదాన్నే గుటుక్కున జార్‌లో పడేసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. గంట తిరిగేసరికి మిగతా అయిదింట్లో మందు అప్పుడప్పుడే తొంగిచూస్తోంది. అయిదో దాంట్లో మొత్తం దిగిపోయింది.

పెద్దసారు గీత చూశాడు, ఆమె మొహం చూశాడు. కేకలెయ్యలేదు.

"పెంకు ఉన్నంతసేపే అది రోజంతటి మందు. పెంకు పగిలిందా, రోజంతటి మందూ గంటలో ఒంట్లో దిగుతుంది. జార్‌కి కళ్లు తిరగవు కాబట్టి బతికిపోయావ్," అన్నాడు.

ఆ గీతని ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. మంచి బిళ్ల గీత మెట్లెక్కే పెద్దమనిషిలా నిదానంగా ఎక్కుతుంది. ఆ రోజు అయిదో జార్ గీత లిఫ్టెక్కినట్టు ఎక్కింది.

లిఫ్టంటే గుర్తొచ్చింది. ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లో ఏ మేడలో లిఫ్టు మొరాయించినా ఆయనకే ఫోను. కాపురం మాత్రం లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో. యాభై నాలుగు మెట్లు. "డాక్టరు ఇంట్లోనే అందరికీ జబ్బులు," అని చిట్టి ఏడిపిస్తుంటుంది. చిట్టి వాళ్ల కూతురు, కాలేజీలో చదువుతోంది, నాలుక కాస్త పొడుగు.

నాలుగో మనిషి మామయ్య. మొగుడి తండ్రి. ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన తపాలా మనిషి. సంచీ దింపేసి పదేళ్లు దాటినా కాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే టీ తాగి, బిళ్ల వేసుకుని, యాభై నాలుగు మెట్లూ దిగి, పాత రూటంతా తిరిగొస్తాడు. ఇప్పుడు చేతిలో ఉత్తరాలుండవు, నోట్లో వార్తలుంటాయి. ఫలానావాళ్లింట్లో పిల్ల పుట్టింది, ఫలానాయన పళ్లసెట్టు పోయింది, దొరికింది, మళ్లీ పోయింది.

రెండు నెలల కిందట డాక్టరు ఆయనకి పాత బిళ్లలు మాన్పించి కొత్తవి రాశాడు. మందులషాపులో డబ్బా తిప్పి చూస్తే అది కోడలి ఫ్యాక్టరీ సరుకు. ఇక ఆయన్ని పట్టడానికి ఎవరి తరమూ కాలేదు. డబ్బా జేబులో వేసుకుని రూటంతా చూపించాడు. "ఇది మా కోడలు పాస్ చేస్తే గానీ గేటు దాటదు," అని. ఆమె ఒక్కతే కాదనీ, చాలామంది చేతులు పడితేనే అది గేటు దాటుతుందనీ ఎంత చెప్పినా వినలేదు. మొదటి నెల అంతా బాగుంది. రక్తపోటు చెప్పినమాట విన్నది.

ఆ తర్వాతే మొదలైంది.

టీ తాగిన గంటకి మామయ్య బుగ్గలు ఎర్రబడేవి. తల పట్టుకునేవాడు. గోడ పట్టుకునేవాడు. "ఏం లేదమ్మాయ్, ఎండ," అనేవాడు ఇంట్లో కూర్చుని. వారం చూసి, అలారం ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరు సాయంత్రాలే ఉంటాడు. సాయంత్రం కొలిస్తే రక్తపోటు ఆకాశంలో ఉంది. "మందు చాలట్లేదు," అని డాక్టరు బిళ్ల బలం రెట్టింపు చేశాడు.

నాలుగో రోజు పొద్దున రెండో అంతస్తు మలుపులో మామయ్య పడ్డాడు.

కనుబొమ మీద అయిదు కుట్లు. మోచేయి కొట్టుకుపోయింది. తొమ్మిది మెట్లు దొర్లాడు, ఎముక విరగలేదు, అది అదృష్టమే. ఆసుపత్రిలో అప్పటికప్పుడు కొలిస్తే రక్తపోటు పాతాళంలో ఉంది. పడిన కంగారుకి అలా ఉండొచ్చన్నారు. సాయంత్రం డాక్టరు కొలిస్తే మళ్లీ ఆకాశంలో ఉంది. డాక్టరు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించాడు.

"వచ్చే వారం బుధవారం సాయంత్రం మళ్లీ తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో మందు కలుపుదాం," అన్నాడు.

ఇంటికొచ్చాక మొగుడు తేల్చేశాడు. "ఇంక నాన్న మెట్లు దిగడానికి వీల్లేదు. తలుపుకి పైన గడియ పెట్టిస్తా, ఆయనకి అందకుండా."

"గడియ పెడితే ఆయనుంటాడా?" అంది అలారం.

"పడితే మాత్రం ఉంటాడా?"

లోపల గదిలో మామయ్య కట్టుకట్టిన కనుబొమతో కిటికీ దగ్గర కూర్చుని, కింద వీధిలో తన రూటు తను లేకుండా నడవడం చూస్తున్నాడు.

ఆ రాత్రి నుంచి అలారానికి కాలు ఒకచోట నిలవలేదు. బస్సులో సీటు దొరికినా నిలబడింది. ల్యాబులో ఒకే సీసాకి రెండు చీటీలు అంటించింది. ఇరవై నాలుగు గంటలు పనిచెయ్యాల్సిన మందు. పొద్దున ముంచేస్తోంది, సాయంత్రానికి మాయమవుతోంది. మందు ఎక్కువైతే సాయంత్రం ఎందుకు పెరుగుతుంది? చాలకపోతే పొద్దున ఎందుకు పడిపోతాడు? ఒకటే అనుమానం మిగిలింది. అది నోటితో అనడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. బిళ్లే పాడైతే? తను చూసి, తను గీత గీసి, తను సంతకం పెట్టిన బిళ్లే మామయ్యని మెట్ల మీద తోసేసి ఉంటే?

డబ్బా మీది బ్యాచ్ నంబరు చేతిమీద రాసుకుని పెద్దసారు దగ్గరికెళ్లింది.

"సార్, ఈ బ్యాచ్ మళ్లీ పరీక్ష చెయ్యాలి."

"ఎందుకు?"

"మా మామయ్య పడిపోయాడు."

పెద్దసారు బట్టతల మీది కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. "ఇంట్లో బిళ్లలు ఇక్కడ పరీక్ష చెయ్యకూడదు, తెలుసుగా."

"తెలుసు. కానీ ప్రతి బ్యాచ్‌లోవీ కొన్ని మనం బీరువాలో దాచి ఉంచుతాం కదా. అవి చెయ్యొచ్చు. రోగి నుంచి ఫిర్యాదొస్తే చెయ్యొచ్చని రాసి ఉంది."

"ఫిర్యాదెవరిచ్చారు?"

"నేనే."

"నువ్వు పాస్ చేసిన బ్యాచ్ మీద నువ్వే ఫిర్యాదా?" పెద్దసారు ఆమెను కాసేపు చూశాడు. "నీ పేరు మీదికే వస్తుందమ్మా, ఆలోచించుకో."

"నాలుగు రోజులుగా అదే పని చేస్తున్నా సార్. ఇంక ఆలోచన లేదు. కాగితం ఇవ్వండి."

కాగితం ఇచ్చాడు. బీరువాలోంచి ఆరు బిళ్లలు తెచ్చాడు. ఆమె సంతకం ఉన్న బ్యాచ్ కాబట్టి ఆమె ముట్టుకోకూడదని, ఇంకొకరిచేత జార్లలో వేయించాడు. పక్కన నిలబడి చూడటం ఆమెకి చేతకాని పని. ఆ రోజు ల్యాబు పొడవు ఎన్ని అడుగులో ఆమె కాళ్లకి కంఠతా వచ్చేసింది.

మర్నాడు పొద్దున గీత వచ్చింది. ఆరుకి ఆరూ బుద్ధిమంతుల్లా నిదానంగా మెట్లెక్కాయి. ఒక్కటి కూడా పక్కకి తొలగలేదు. పరీక్ష ఇంత బాగా నెగ్గినందుకు ఆమెకి ఏడుపు రావడం అదే మొదటిసారి. బిళ్లలో తప్పుంటే బిళ్ల మార్పిస్తే సరిపోయేది. ఇప్పుడు ఏం మార్పించాలి?

జార్ల అడుగున ఆరు పెంకులు పడి ఉన్నాయి. మందంతా పోయాక పెంకు కరగదు, అలాగే మిగిలిపోతుంది, చూడటానికి అచ్చు బిళ్లలాగే ఉంటుంది. పరీక్ష చేసిన అమ్మాయి వాటిని చెంచాతో ఏరి చెత్తలో వేసింది. అలారం అటు చూసింది గానీ చూడలేదు. పందొమ్మిదేళ్లుగా రోజూ తను వేస్తున్న చెత్తే కదా.

ఆదివారం పొద్దున్నే పక్కింటివాళ్ల రక్తపోటు మిషను అరువు తెచ్చింది.

"ఈరోజు మామయ్యే నా జార్," అంది. "గంటగంటకీ కొలుస్తా. ఎవరూ అడ్డం రావద్దు."

"తెడ్డు కూడా తిప్పుతావా అమ్మా?" అంది చిట్టి.

"నువ్వు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చో. నేను చెప్పిన చోట చుక్క పెట్టు. నోరు ఖాళీగా ఉంచు."

ఏడింటికి, బిళ్లకి ముందు, నూట డెబ్భై రెండు. చిట్టి చుక్క పెట్టింది. మామయ్య టీ కప్పుతో గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. లోపల్నుంచి టక్ టక్ టక్ అని వినిపించింది.

ఆ చప్పుడు ఇంట్లో అందరికీ అలవాటే. మామయ్య రిటైరైనప్పుడు ఆఫీసువాళ్లు అక్షరాలు అరిగిపోయిన పాత తపాలా ముద్ర ఒకటి, చెక్కపిడితో ఉన్నది, గుర్తుగా ఇచ్చారు. ఇన్నేళ్లూ అది అలమరలో దుమ్ము తింటూ ఉండేది. ఈ మధ్య మూడు వారాలుగా రోజూ పొద్దున దాంతో బల్ల మీద కొట్టుకుంటున్నాడు. "పాత రోజులు గుర్తొస్తున్నాయి కాబోలు, పాపం," అన్నాడు కొడుకు. "తాతయ్య మళ్లీ డ్యూటీలో చేరాడు," అంది మనవరాలు. గదిలోకి తొంగిచూసినవాళ్లు మాత్రం లేరు.

ఎనిమిదింటికి అలారం పట్టీ బిగించి మిషను నొక్కింది. తొంభై ఆరు. తప్పేమోనని మళ్లీ నొక్కింది. తొంభై నాలుగు. మామయ్య బుగ్గలు దానిమ్మగింజల్లా ఉన్నాయి.

"పడుకోండి. లేవొద్దు. కాళ్లకింద దిండు పెట్టు చిట్టీ!"

"నేను బాగానే ఉన్నానమ్మాయ్..."

"జార్లు మాట్లాడవు మామయ్యా. పడుకోండి."

తొమ్మిదింటికి తొంభై రెండు. పదింటికి నూట నాలుగు. మధ్యాహ్నానికి నూట ఇరవై ఎనిమిది. మూడింటికి నూట యాభై. మధ్యమధ్యలో అలారం వంటింటికీ గదికీ మధ్య తిరిగినంత మామూలు మనిషి వారంలో తిరగడు. మొగుడు రెండుసార్లు "కూర్చోవే" అని, మూడోసారి తనే కుర్చీ దారిలోంచి పక్కకి జరిపాడు. సాయంత్రం ఆరింటికి నూట అరవై ఎనిమిది.

చిట్టి చుక్కలు కలిపింది. "అమ్మా, ఇదేంటే, నాన్న లిఫ్టు తాడు తెగినట్టుంది. గంటలో కిందికి ధబ్బుమని. మళ్లీ పొద్దంతా పైకి పాకడం."

అలారం కాగితం లాక్కుంది. తలకిందులుగా తిప్పింది. కింద పడిన గీత ఇప్పుడు పైకి లేచింది. మొదటి గంటలోనే నిట్టనిలువుగా.

ఈ గీతని ఆమె ఇదివరకు చూసింది. గాజుసామాను కడిగే చేతులకి జార్లు అప్పజెప్పిన మొదటి వారంలో.

"అయిదో జార్," అంది.

"ఏంటీ?" అన్నాడు మొగుడు.

"పెంకు పగిలింది. ఎవరో పెంకు పగలగొడుతున్నారు." ఒక్క అంగలో మామయ్య గదిలోకి వెళ్లింది. చూపు బల్ల మీదికి పోయింది. టీ కప్పు, చెంచా, తేనెసీసా, తపాలా ముద్ర. ముద్ర తిరగేసి చూసింది. అరిగిన అక్షరాల సందుల్లో లేత గులాబీరంగు పొడి ఇరుక్కుని ఉంది. ఆ గులాబీ ఆమెకి తన గోళ్లకంటే బాగా తెలుసు.

"మామయ్యా," అంది. "బిళ్ల నలగ్గొట్టి వేసుకుంటున్నారా?"

మామయ్య కాళ్లకింది దిండు సర్దుకున్నాడు. "తేనెలో రంగరించి," అన్నాడు, అదేదో తప్పుని తగ్గిస్తుందన్నట్టు.

"ఎందుకు? మింగుడుపడట్లేదా?"

"పడుతోంది."

"మరి?"

మామయ్య కొడుకు వైపు చూశాడు, మనవరాలి వైపు చూశాడు, ఇద్దరూ కదలకపోయేసరికి పైకప్పుకి చెప్పుకున్నాడు.

"అమ్మాయ్, నేను ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి. అందని ఉత్తరం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అంటించింది అంటించినట్టే తిరిగొస్తుంది. ఇదీ అలాగే తిరిగొచ్చింది."

"ఏది?"

"బిళ్ల."

"ఎక్కణ్ణుంచి?"

"ఎక్కణ్ణుంచొస్తుందో అక్కణ్ణుంచే," అన్నాడు మామయ్య విసుగ్గా. "కమోడ్‌లో తేలింది."

చిట్టి చేతిలో పెన్ను కింద పడింది. వంగి తీసుకోవడానికి వెళ్లి చాలాసేపు పైకి రాలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నవ్వకే! మొదటిరోజు పొరపాటనుకున్నా. మర్నాడూ తేలింది. మూడోరోజు కళ్లజోడు పెట్టుకుని చూశా. చెక్కుచెదరలేదు. ఎలా మింగానో అలాగే ఉంది."

"అయితే నాకెందుకు చెప్పలేదు?" అంది అలారం.

"ఎలా చెప్పమంటావ్? నువ్వు పాస్ చేసిన బిళ్ల కరగట్లేదని నేనే అంటే నీ మొహం ఏమవుతుంది? బయటికి పొక్కితే నీ ఉద్యోగం ఏమవుతుంది? రూటంతా డప్పు కొట్టింది నేనే. కోడలి పని కోడలు చెయ్యలేకపోయింది, సరే, మిగతాది నేను చేద్దామనుకున్నా. దానంతటది కరగకపోతే కరిగించుకోవడం నాకు తెలీదా?"

అలారం మంచం మీద కూర్చుంది. అంచు మీద కాదు. నిండుగా కూర్చుంది. మొగుడు అది చూసి బెదిరిపోయి మంచినీళ్లు తెచ్చాడు.

"ఆ పెంకులు పందొమ్మిదేళ్లుగా నేనే చెంచాతో ఏరి పారేస్తున్నా మామయ్యా," అంది చివరికి. "రోజుకి ఆరు. అవి కరగవు. కరగకూడదు. మందంతా బయటికి పోయాక ఆ డొల్ల అలాగే వచ్చేస్తుంది. ఇంట్లో ఒక్కరోజు కూడా చెప్పలేదు. నాకు తెలిసింది లోకమంతటికీ తెలిసినట్టే ఉన్నా."

మామయ్య మోచేతుల మీద లేచాడు. "అంటే? ఉత్తరం అందిందా?"

"అందింది. కవరే తిరిగొచ్చింది."

"కవరెందుకు తిరిగి రావాలి? చించి చదువుకుంటారు కదా ఎవరైనా."

"మీరు చించారు కాబట్టే మెట్ల మీద దొర్లారు! రోజంతా కొంచెం కొంచెం అందాల్సింది మొత్తం ఒకేసారి గుమ్మంలో పోశారు. సాయంత్రానికి ఇంకేమీ మిగల్లేదు. డాక్టరు సాయంత్రం చూసి, చాలట్లేదనుకుని రెట్టింపు చేశాడు. మీరు రెట్టింపుని నలగ్గొట్టారు. బుధవారం ఇంకో మందు కలిపేవాడు. దాన్నీ నలగ్గొట్టేవారు."

చిట్టి లేచి, మొహం తుడుచుకుని, తాతయ్య కనుబొమ మీది కుట్ల వైపు చూసింది. దానికి ఇంక నవ్వు రాలేదు.

అలారం వెంటనే లేచి డాక్టరుకి ఫోను చేసింది. అన్నీ చెప్పింది, చుక్కలన్నీ చదివింది. అవతల ఆయన అంకెలన్నీ రాసుకున్నాడు. రేపు పొద్దున్నించి పాత బలం బిళ్లే, నలగ్గొట్టకుండా, నమలకుండా, విరవకుండా అలాగే మింగించమన్నాడు. రెండు పూటలా కొలిచి రాయమన్నాడు. ఎన్ని రోజులు గడిచినా కళ్లు తిరిగితే ఆలోచించకుండా వచ్చెయ్యమన్నాడు. ఫోను పెట్టేసే ముందు, "ఎన్ని వేసుకుంటున్నారని అడిగానమ్మా, ఎప్పుడని అడిగాను. ఎలా వేసుకుంటున్నారని అడగలేదు," అన్నాడు.

"నేనూ అడగలేదు సార్," అంది అలారం.

అయితే మామయ్య అంత తేలిగ్గా ఒప్పుకునే ఘటం కాదు. "నోటిమాట మీద మింగమంటే మింగను. చూపించు," అన్నాడు. ఆమెకి అది నచ్చింది. తను కూడా అంతే, చూపించందే ఏదీ నమ్మదు. వేడినీళ్ల ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసి, రెట్టింపు బలం డబ్బాలోంచి ఒక బిళ్ల తీసి అందులో వేసింది. ఆ డబ్బాతో ఇంక పనిలేదు ఎలాగూ. మూత బిగించి మామయ్య పక్కన పెట్టింది. "మూడు గంటలకోసారి నీళ్లు మార్చండి. బిళ్లని మాత్రం ముట్టుకోవద్దు. ఇది మీ జార్."

సోమవారం ఆమె ల్యాబులో ఉండగా మామయ్య ఎనిమిదిసార్లు ఫోను చేశాడు. "ఇంకా అలాగే ఉందమ్మాయ్." "ఇంకా అలాగే." "నీళ్లు కొంచెం మసకబారాయి." "అలాగే ఉంది, నువ్వేమో కరిగిందంటావు." ఎనిమిదోసారి పెద్దసారే ఫోను ఎత్తి, "ఓపిక పట్టాలండీ, మేమంతా అదే కదా చేసేది," అన్నాడు.

సాయంత్రం ఆమె మెట్లు ఎక్కి వచ్చేసరికి మామయ్య బల్ల మీద తెల్లకాగితం పరిచి, బ్లేడు పక్కన పెట్టి, తీర్పు చెప్పేవాడిలా కూర్చున్నాడు. ఫ్లాస్కు వంచితే బిళ్ల బయటపడింది. చెక్కుచెదరలేదు.

"చూశావా?" అన్నాడు.

"కొయ్యండి."

కోశాడు. బ్లేడు దిగగానే పెంకు మెత్తగా కుంగింది. లోపల మందు లేదు. ఒక మూల కాస్త జిగురు తప్ప అంతా ఖాళీ. మామయ్య పెంకుని గోటితో విప్పదీసి దీపం కింద పెట్టి చూశాడు. ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. చిల్లుని కూడా వెతికాడు, దొరకలేదు.

"ఈ జిగురేంటి?"

"నీళ్లు తగిలితే అదే ఉబ్బుతుంది. ఉబ్బి మందుని బయటికి తోస్తుంది. పనంతా దానిదే."

"తపాలా మనిషన్నమాట," అన్నాడు మామయ్య. తర్వాత చాలాసేపు ఆ పెంకుని అరచేతిలోనే ఉంచుకుని, "అనవసరంగా నీ మీద అనుమానపడ్డానమ్మాయ్," అన్నాడు.

"నేనూ నా మీదే పడ్డాను మామయ్యా. ఫిర్యాదు కూడా రాశాను." ఆమె నవ్వింది, మళ్లీ కాళ్లు కదిలాయి, వంటింట్లో పాలు పొంగుతున్నట్టు ఏదో గుర్తొచ్చి పరుగెత్తింది. పాలు పొంగట్లేదు. పొయ్యి మీద పాలే లేవు.

బుధవారం సాయంత్రం డాక్టరు కొలిస్తే నూట ముప్ఫై ఎనిమిది. కొత్త మందు ఏదీ కలపలేదు. ఆ ఆదివారం పొద్దున, పాత బలం బిళ్లల్లో ఏడోది మింగాక కొలిస్తే నూట ముప్ఫై రెండు. బుగ్గలు మామూలుగా ఉన్నాయి. తలుపు గడియ మేకులు లిఫ్టు మెకానిక్కు జేబులోనే ఉండిపోయాయి.

ఫ్యాక్టరీలో అలారం కొత్త గొడవ మొదలుపెట్టింది. డబ్బాలో మడతలు పెట్టి కుక్కే కరపత్రం ఉంటుంది కదా, పెంకు బయటికొస్తే కంగారుపడవద్దని అందులో ఉంది. ఎక్కడుందంటే, రెండోవైపు, కింద నుంచి నాలుగో వరసలో, చీమ కళ్లకి సరిపోయే అక్షరాల్లో. "అదే డబ్బా మీద పెద్ద అక్షరాలతో వెయ్యాలి సార్," అని రోజూ పెద్దసారు బల్ల చుట్టూ తిరుగుతోంది. "అది మన చేతుల్లో లేదమ్మా, పై నుంచి అనుమతులు కావాలి," అంటాడు ఆయన. "కాగితం ఇవ్వండి, రాస్తా," అంటుంది. మూడు కాగితాలయ్యాయి. జవాబు ఇంకా రాలేదు. ఈలోపు మామయ్య డబ్బా మీద మాత్రం ఆమే మార్కరుతో వేలంత అక్షరాల్లో రాసింది: నలగ్గొట్టవద్దు. డొల్ల వస్తుంది. కంగారుపడవద్దు.

మామయ్య కుట్లు విప్పాక మొదటిసారి ఒంటరిగా మెట్లు దిగిన పొద్దున, బాత్‌రూమ్‌లోంచి ఇల్లంతా వినపడేలా కేకేశాడు. "అమ్మాయ్! కవరొచ్చింది!"

"తాతయ్యా, పైవాళ్లు టిఫిన్ చేస్తున్నారు!" అంది చిట్టి.

ఆయన చెప్పులేసుకుని, డబ్బా జేబులో వేసుకుని, "నేనొక్కణ్ణే వెళ్తా, ఎవరూ వెంట రావద్దు," అని బయల్దేరాడు. అలారం గుమ్మంలో నిలబడింది. బస్సుకి టైమవుతోంది, ఒక కాలికే చెప్పుంది. కిందికి దిగుతున్న అడుగుల్ని వింటూ లెక్కపెట్టింది. పది. పదిహేను. పద్దెనిమిది. ఆయన పడిన మలుపు. పందొమ్మిది.

అడుగులు ఆగిపోయాయి.

ఇరవై వినపడలేదు. ఆమె ఒంటి చెప్పుతోనే పరుగెత్తింది, మెట్లు రెండేసి దూకింది, మలుపు తిరిగింది.

మామయ్య నిలువుగానే ఉన్నాడు. రెండో అంతస్తులో కుట్టుమిషను ఆవిడ తలుపు తట్టి, ఆవిడ తలుపు తియ్యగానే డబ్బా ఆవిడ మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టాడు.

"అమ్మా, మీ ఆయన రక్తపోటు బిళ్లలు ఎలా వేసుకుంటాడు? మింగుతాడా, నములుతాడా, విరుస్తాడా?"

"విరుస్తాడు, పెద్దగా ఉందని. ఎందుకండీ?"

"అలాంటివన్నీ విరవకూడదని కాదు. కొన్ని విరవకూడదు. ఆ డబ్బా ఇలా పట్రా, మా కోడలు చూస్తుంది." వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "అమ్మాయ్, వచ్చావుగా, చూడు. మొదటి అంతస్తులో ఇంకా ఇద్దరున్నారు."

"మామయ్యా, నా బస్సు..."

"తర్వాతది ఎక్కు."

కింద రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. కుట్టుమిషను ఆవిడ లోపలికెళ్లి డబ్బా తెచ్చింది. అలారం ఒంటికాలి చెప్పుతో మెట్టు మీద నిలబడి, డబ్బాని వెలుగులోకి తిప్పి, సన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.